నార్త్ కరోలినా 12వ నియోజకవర్గం ఒకప్పుడు పాములా ఎందుకు ఉండేది?

నాగావళి అడిగిన ప్రశ్న

మేము షార్లట్‌లో ఉంటున్నాం. పౌరసత్వం వచ్చాక ఓటరుగా నమోదు చేసుకుంటే పోయిన వారం కౌంటీ నుంచి కార్డు వచ్చింది. కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) నియోజకవర్గం అన్న చోట 12 అని ఉంది. ఆ అంకె పట్టుకుని పాత పటాలు వెతికాను. ఇప్పుడు షార్లట్‌లోనే ముద్దగా ఉన్న ఈ నియోజకవర్గం 1992 పటంలో డర్హమ్ దాకా సన్నగా సాగి పాములా ఉంది. 1950ల పటంలో అయితే ఎక్కడో పడమటి కొండల్లో, ఆష్‌విల్ దగ్గర ఉంది. ఒకే నియోజకవర్గం ఇన్ని చోట్లకు ఎలా తిరిగింది? అప్పటి నుంచి ఇక్కడ ఉన్నవారు ఎవరైనా చెప్పగలరా?

తుంగభద్ర

నాగావళి గారూ, నేను 1992లో చదువుకోవడానికి గ్రీన్స్‌బరో వచ్చి ఇక్కడే ఉండిపోయాను. తెలిసినంత చెబుతాను.

ముందు కొండల సంగతి. ఆ 12కూ మీ 12కూ అంకెలో తప్ప చుట్టరికం లేదు. 1943 నుంచి 1963 దాకా రాష్ట్రానికి 12 స్థానాలు ఉండేవి, చివరి అంకె ఆష్‌విల్ వైపు వెళ్లింది. 1960 జనాభా లెక్కల తర్వాత ఒక స్థానం తగ్గడంతో 12 అన్నదే లేకుండా పోయింది. 1990 లెక్కల తర్వాత ఆ స్థానం తిరిగి వచ్చింది. అసలు కథ అక్కడ మొదలవుతుంది.

రాష్ట్ర జనాభాలో నల్లజాతీయులు ఐదో వంతు కంటే ఎక్కువే. అయినా 1901లో జార్జ్ హెన్రీ వైట్ పదవీకాలం ముగిశాక ఈ రాష్ట్రం నుంచి ఒక్క నల్లజాతీయుడు కూడా కాంగ్రెస్‌కు వెళ్లలేదు. ఏదో ఒక రోజు మా వాళ్లు ఫీనిక్స్ పక్షిలా లేచి తిరిగి వస్తారని ఆయన చివరి ప్రసంగంలో చెప్పి వెళ్లారు. 90 ఏళ్లు గడిచాయి. 1965 ఓటు హక్కుల చట్టం ప్రకారం అప్పట్లో (2013 దాకా) ఇక్కడ 40 కౌంటీల్లో ఎన్నికల మార్పులకు కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాల్సి ఉండేది. శాసనసభ మొదట గీసిన పటంలో నల్లజాతీయులు మెజారిటీగా ఉన్న నియోజకవర్గం ఒక్కటే ఉందని కేంద్ర న్యాయశాఖ అభ్యంతరం చెప్పింది. అప్పుడు, దూరదూరంగా ఉన్న ఊళ్లలోని నల్లజాతీయుల పేటలను కలుపుతూ పుట్టిన రెండోదే మీరు చూసిన పాము.

గాస్టోనియా నుంచి షార్లట్, గ్రీన్స్‌బరో మీదుగా డర్హమ్ దాకా సుమారు 160 మైళ్లు. చాలా చోట్ల 85వ నంబరు హైవే వెడల్పే దాని వెడల్పు. ఒక కౌంటీలో ఉత్తరానికి వెళ్లే కార్లు ఒక నియోజకవర్గంలో, దక్షిణానికి వెళ్లేవి మరొకదానిలో ఉండేవి. పక్క కౌంటీలోకి రాగానే అవి తారుమారు అయ్యేవి. ఇది సుప్రీంకోర్టు తీర్పులోనే ఉంది. షార్లట్‌లో గుడికి ఆ దారినే వెళ్లేవాళ్లం, మేమూ అలాగే దాటి ఉంటాం, తెలియలేదు అంతే.

ఆ నవంబరులో నాకు ఓటు లేదు. నేను గది అద్దెకు తీసుకున్న ఇంటి యజమానురాలు డెబ్బై దాటిన నల్లజాతి ఆవిడ. ఓటు వేసి వచ్చి, కోటు మీద అంటించిన గుండ్రటి స్టిక్కరు గోటితో మెల్లగా ఊడదీసి బైబిలు అట్ట లోపలి వైపు అతికించుకున్నారు. చిరగకుండా తీయడానికి ఎంతసేపు పట్టిందో నాకు ఇప్పటికీ గుర్తే. ఆ ఎన్నికల్లోనే 12 నుంచి మెల్ వాట్, 1 నుంచి ఇవా క్లేటన్ గెలిచారు.

మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు 5–4 తేడాతో, జాతి ఆధారంగా ఇంత వంకరగా గీస్తే నిశితంగా విచారించాల్సిందేనంది. 1996లో ఆ పటాన్ని కొట్టేసింది. 1997లో డర్హమ్ వదిలేసి పొట్టిగా గీశారు. ఆ పటం మీద కేసు 2001 దాకా నడిచి చివరికి నిలిచింది.

నన్ను బాధపెట్టేది తర్వాతి భాగం. 2011లో కొత్త మెజారిటీ పార్టీ 12లో ఓటు వయసు నల్లజాతీయుల వాటాను 43.8 నుంచి 50.7 శాతానికి పెంచింది. నల్లజాతి అభ్యర్థి అప్పటికే సులువుగా గెలుస్తున్న చోటికి ఇంకా మందిని చేర్చడం ఎందుకు? వాళ్లను అక్కడ కుక్కితే చుట్టుపక్కల నియోజకవర్గాల్లో వాళ్ల ఓటు బలం పోతుంది. ఒకప్పుడు గొంతు ఇవ్వడానికి గీసిన గీతే గొంతు నొక్కడానికి పనికొచ్చింది. 2017లో సుప్రీంకోర్టు దాన్నీ తప్పుబట్టింది. దానికి ముందే కింది కోర్టు ఆదేశంతో 2016లో 12ను మెక్లెన్‌బర్గ్ కౌంటీకి పరిమితం చేశారు. మీ ముద్ద అలా వచ్చింది. 2014 నుంచి అక్కడి సభ్యురాలు అల్మా ఆడమ్స్.

కాకతీయ

మాది హనుమకొండ. 2008 పునర్విభజనలో మా లోక్‌సభ స్థానమే పోయింది, సిద్దిపేట కూడా పోయింది. అయినా అక్కడ గీసింది డీలిమిటేషన్ కమిషన్. ఇక్కడ ఎన్నికల్లో నిలబడేవాళ్లే గీస్తారా? గవర్నరు ఆపలేరా?

తుంగభద్ర

కాకతీయ గారూ, ఇక్కడ గీసేది రాష్ట్ర శాసనసభే. మిగతా బిల్లులను గవర్నరు తిరస్కరించవచ్చు గానీ, ఈ పటాల విషయంలో మన రాష్ట్ర రాజ్యాంగం ఆ అధికారం ఇవ్వలేదు. పార్టీ లాభం కోసం గీశారన్న ఫిర్యాదులు ఫెడరల్ కోర్టులు వినవని 2019లో సుప్రీంకోర్టు తేల్చింది. అందులో మన రాష్ట్రం కేసూ ఉంది.

ఇంకో మాట. పటం చూసి వంకరగా ఉంటే అన్యాయం, నున్నగా ఉంటే న్యాయం అనుకుంటాం. 2016 పటం చూడటానికి చాలా పొందికగా ఉండేది. కానీ నేను చదివిన ఏ అండ్ టీ విశ్వవిద్యాలయం, దేశంలోకెల్లా పెద్దదైన చారిత్రక నల్లజాతి విశ్వవిద్యాలయం, మధ్యలో లారెల్ వీధి మీదుగా రెండుగా చీలింది. వీధికి ఒక పక్క 13, మరో పక్క 6. నేను మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పట్టుకుని రోజూ దాటిన వీధి అది, పట్టుమని ఇరవై అడుగులు వేస్తే అవతలి పక్క. అటూ ఇటూ ఉన్నది ఒకే బడి పిల్లలు. నా దృష్టిలో ఆ పాము కంటే ఈ తిన్నటి గీత ఎక్కువ అన్యాయం చేసింది. పాము లోపల ఉన్నవాళ్లకు కనీసం ఒక ప్రతినిధి దక్కాడు.

నాగావళి

ఇంత వివరంగా రాసినందుకు ధన్యవాదాలు. మరి నా 12 మళ్లీ మారుతుందా?

తుంగభద్ర

2030 లెక్కల తర్వాత తప్పకుండా. ఈలోగా మారదని కూడా అనుకోవద్దు. పదేళ్లకు ఒకసారి గీయాల్సిన పటాన్ని 2016, 2019, 2022, 2023లో మార్చారు. 2025లో తూర్పున 1, 3 నియోజకవర్గాలను మళ్లీ కదిపారు, 12 జోలికి రాలేదు. 2023లో మా గిల్‌ఫర్డ్ కౌంటీని మూడు ముక్కలు చేశారు.

నేను ఇల్లు మారలేదు. నా బిస్కట్ డబ్బాలో మాత్రం 12, 13, 6 అని మూడు కార్డులు ఉన్నాయి. కొత్త కార్డు వస్తే కవరు చించి పక్కన పడేయకుండా అంకె చూడండి. పాతది దాచండి.