చెక్ రిపబ్లిక్‌లోని బ్ర్నో నుంచి ఒక్కరోజు ట్రిప్: అమ్మానాన్నలతో ఎటు వెళ్తే మంచిది?
వచ్చే నెల అమ్మానాన్న బ్ర్నో వస్తున్నారు. మాకు కారు లేదు, రైళ్లూ బస్సులే దిక్కు. బ్లాన్స్కో దగ్గర పుంక్వా గుహలు చూపించాలని ఉంది. భూగర్భ నదిలో పడవ ప్రయాణం, 138 మీటర్ల మాత్సొహా అగాధం అడుగున నిలబడి పైకి చూడటం నాన్నకి భలే నచ్చుతాయి. కానీ అమ్మకి మోకాళ్ల నొప్పులు. లోపల మెట్లు బాగా ఎక్కాలా? వేసవిలోనూ 8 డిగ్రీల చలి అంటున్నారు, స్వెటర్ సరిపోతుందా? టికెట్లు ఎంత ముందు బుక్ చేయాలి?

లేదంటే లెడ్నిత్సె కోటే మేలా? అక్కడి తోట చదునుగా ఉంటుంది, అందులో ఉన్న మినారు (ఎత్తైన గోపురం) 302 మెట్లు మేం ఎలాగూ ఎక్కం. బ్రెత్స్లావ్‌లో రైలు దిగాక ఆదివారం బస్సులు సరిగ్గా దొరుకుతాయా? తిండి గురించి బెంగ లేదు, అమ్మ పులిహోర కట్టేస్తుంది. పెద్దవాళ్లని తీసుకెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి.