గుండె కుడివైపున్న బాపుకు స్టెంట్: హన్మకొండలోనా, హైదరాబాద్‌లోనా?

పరకాల తమ్ముడు:
మా బాపుకు 61 ఏళ్లు. పుట్టుకతోనే గుండె కుడివైపు, కాలేయం ఎడమవైపు. నడిస్తే ఛాతీ పట్టేస్తోందంటే యాంజియోగ్రామ్ తీశారు. ఒక రక్తనాళంలో బ్లాక్ ఉందట. హన్మకొండ డాక్టర్ ఇక్కడే స్టెంట్ వేస్తానంటున్నారు. చిన్నాయన హైదరాబాద్ తీసుకుపొమ్మంటున్నాడు. ఇంట్లో ఒకటే టెన్షన్.

కాజీపేట అన్న:
ఆలోచించేదేముంది తమ్మీ, హైదరాబాదే. ఇట్లాంటి గుండె సుమారు పదివేల మందిలో ఒక్కరికి ఉంటది. ఇక్కడ ఎన్ని చూసి ఉంటారు? తేడా వస్తే బైపాస్ చేసేవాళ్లు పక్కనే ఉండాలి.

క్యాథ్‌ల్యాబ్ అక్క:
పదేళ్లు క్యాథ్‌ల్యాబ్‌లో, అంటే యాంజియోగ్రామ్ తీసి స్టెంట్ వేసే గదిలో, టెక్నీషియన్‌గా చేశాను. బైపాస్ మాట నిజమే. కానీ ఊరి పేరు చూసి తేల్చుకోకు తమ్ముడూ. బాపులాంటి వాళ్లకు నాళాలు మామూలుగా అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి, అంతే. తెర మీద బొమ్మను ఎడమ కుడి మార్చుకుంటే కంటికి అలవాటైన గుండే కనిపిస్తుంది. కష్టమంతా చేతికి. క్యాథెటర్‌ను, అంటే నాళంలోకి పంపే సన్నటి గొట్టాన్ని, ఎప్పుడూ తిప్పే దిక్కుకు ఎదురుగా తిప్పాలి.

అసలు చిక్కు నాళం మొదలయ్యే చోటే మారినప్పుడు. అప్పుడు క్యాథెటర్ మూతి కుదురుగా నిలవదు. అది నిలవకపోతే స్టెంట్ ముందుకు పోదు. నాళాలన్నీ యాంజియోగ్రామ్‌లో స్పష్టంగా దొరికాయా, సీటీ స్కాన్ తీసి చూడాలా, ఇలాంటి గుండెకు ఇంతకుముందు స్టెంట్ వేశారా అని ఆ డాక్టర్‌నే అడుగు. తడబడకుండా చెప్తే అక్కడే చేయించు.

కాజీపేట అన్న:
అడిగితే లేదంటారా అక్కా? ఎమర్జెన్సీ కానప్పుడు నాలుగు రోజులు ఆగి పెద్ద చోటికి పోతే నష్టమేంటి?

క్యాథ్‌ల్యాబ్ అక్క:
డాక్టర్ ఆగొచ్చంటే నష్టం లేదు, రెండో అభిప్రాయం తీసుకోండి. కానీ ఈలోగా కూర్చున్నప్పుడు కూడా నొప్పి వచ్చి తగ్గకపోతే అంత దూరం హైదరాబాద్‌కు బయల్దేరొద్దు. దగ్గర్లో గుండెపోటు చూసే ఆసుపత్రికే పోవాలి. లోపలికి వెళ్లగానే గుండె కుడివైపని చెప్పాలి. ఈసీజీ తీగలు మామూలుగా పెడితే గీతలు తలకిందులై తప్పుదారి పట్టిస్తాయి. ఛాతీ తీగలు కుడివైపు పెట్టి మళ్లీ తీయాలి. నొప్పి కూడా కొందరికి కుడివైపే వస్తుంది, గ్యాస్ అనుకుని ఊరుకోవద్దు.

పరకాల తమ్ముడు:
నిజమే అక్కా, బాపు నెల రోజులు గ్యాస్ గోలీలే మింగాడు. రేపు పొద్దున యాంజియోగ్రామ్ సీడీ పట్టుకుని మీరు చెప్పినవన్నీ అడుగుతాను. ‘గుండె కుడివైపు ఉంది’ అని చీటీ రాసి ఆయన అంగీ జేబులో ఇప్పుడే పెట్టాను.