ఆకాశంలో వింత వెలుగు చూశామని జనం చెబితే దర్యాప్తు చేయాలా?

ఉగాదిపచ్చడి: 2022 ఏప్రిల్ 2, ఉగాది రాత్రి. చంద్రపూర్‌లో మా అక్కయ్య వాళ్ళ డాబా మీద ఉన్నాం. నిప్పుకణికల బారు ఒకటి చప్పుడు లేకుండా ఆకాశానికి అడ్డంగా సాగిపోయింది. ఠాణాకు వెళ్ళి చెబితే "పండగ మందు బాగా పనిచేసింది" అని నవ్వారు. నేను మందు ముట్టను. ఆ రాత్రే అదే జిల్లా లాడ్‌బోరిలో పెద్ద లోహపు చక్రం పడింది. చైనా రాకెట్ శకలం కావచ్చని నిపుణులన్నారు. ఇలాంటివి నమోదు చేసుకునే కార్యాలయం మనకూ ఉండాలి. ఫ్రాన్స్ అంతరిక్ష సంస్థలో 1977 నుంచే ఉంది.

దుర్భిణి: పెడితే దాని నిండా శుక్రుడి మీద ఫిర్యాదులే. లడఖ్‌లో మన సైనికులు ఆరు నెలల్లో 329 సార్లు వింత వెలుగులు చూసి, చైనా డ్రోన్లేమో అనుకున్నారు. ఖగోళ శాస్త్రవేత్తలు పరిశీలిస్తే గురుడు, శుక్రుడు! పగలూ రాత్రీ కాపలా కాసే కళ్ళకే ఆ గతి పడితే డాబా మీద వాళ్ళ మాట చెప్పాలా?

నిశాచరుడు: అమెరికా వైమానిక దళం 1969లో ముగించిన వింత వెలుగుల దర్యాప్తు 'బ్లూబుక్'‌లో 12,618 నివేదికలు. 701 తేలలేదు. అవేమిటి?

దుర్భిణి: తేలలేదంటే తేలలేదనే. గ్రహాంతరవాసులని కాదు.

ఉగాదిపచ్చడి: గ్రహాంతరవాసులని నేనెక్కడ అన్నాను? మీ లడఖ్ కథ నా వైపే ఉంది. చూసినవాళ్ళు రాసిపెట్టారు కాబట్టే శుక్రుడని తేలింది.

దుర్భిణి: అది దేశ సరిహద్దు. మీ అక్కయ్య డాబా కాదు.

పాలపుంత: హైదరాబాద్ నుంచి పరిశోధన బెలూన్లు వదిలేవాళ్ళు ముందే చెబుతారు. రాకెట్ ముక్కలు చెప్పి పడవు కదా.

నిశాచరుడు: 701 సంగతి?

ఉగాదిపచ్చడి: దుర్భిణి గారూ, 1966లో మిషిగన్ జనం వెలుగులు చూశామంటే, వైమానిక దళ సలహాదారు హైనెక్ చిత్తడినేల వాయువు కావచ్చన్నాడు. మన పల్లెల్లో కొరివిదయ్యం అంటారే, అది. చూసినవాళ్ళు ఊరందరిలో నవ్వులపాలయ్యారు. తర్వాత ఆ హైనెకే దళం దర్యాప్తు తీరును తప్పుపట్టాడు.

దుర్భిణి: అంటే మీ బాధ ఆకాశం గురించి కాదు. ఠాణాలో నవ్వారని.

ఉగాదిపచ్చడి: అవును, అదే! పదేళ్ళ మేనల్లుడి ముందు నన్ను తాగుబోతును చేశారు. వాడు ఇప్పటికీ "మామయ్యా, ఆ రోజు తాగావా?" అంటాడు. మీరూ ఇక్కడ చేస్తున్నది అదే.

దుర్భిణి: నా గోడు వింటారా? స్టార్‌లింక్ ఉపగ్రహాలు బారుగా పోయినప్పుడల్లా నాకు అర్ధరాత్రి ఫోన్లు. ఉపగ్రహాలని చెబితే "మీరూ దాస్తున్నారు" అని తిట్టి పెట్టేస్తారు. అడిగేది వాళ్ళే, నమ్మనిదీ వాళ్ళే. కార్యాలయం పెడితే అక్కడ కూర్చునేవాడికీ ఇదే.

ఉగాదిపచ్చడి: నేను నమ్మేవాణ్ణి. చెప్పేవాళ్ళే దొరకలేదు.

దుర్భిణి: వేళ, దిక్కు రాసుకున్నారా?

ఉగాదిపచ్చడి: డైరీలో ఉంది. అది అక్కయ్య ఇంట్లో ఉండిపోయింది.

దుర్భిణి: తెప్పించి పెట్టండి, చూస్తాను. కార్యాలయం మాత్రం వద్దు.