చైన్ ప్రేయర్‌లో గంట చేస్తే ఏకాంత ప్రార్థన చేసినట్టేనా?

బేతనియ_యూత్:
అందరికీ వందనాలు. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలం 40 దినాల్లో చాలా సంఘాలు 24 గంటల చైన్ ప్రేయర్ పెడుతున్నాయి. గంటకొకరు పేరు రాసుకుంటారు, ఎవరింట్లో వాళ్లు ప్రార్థిస్తారు, అయ్యాక వాట్సాప్ గ్రూపులో చేతులు జోడించిన బొమ్మ పెడతారు. మత్తయి 6:6లో ప్రభువు చెప్పినట్టు తలుపు వేసుకునే చేస్తున్నాం కాబట్టి ఆ రోజుకు వ్యక్తిగత ప్రార్థన అయిపోయినట్టేనని కొందరు, కానే కాదని కొందరు. వాక్యం చూపించి చెప్పండి.

తలుపు_వేసి:
కాదు. మత్తయి 6:5లో ప్రభువు తప్పుపట్టింది మనుషులకు కనబడాలని చేయడాన్ని. ఆ బొమ్మ ఎవరి కోసం? దేవునికైతే అక్కర్లేదు. "వారు తమ ఫలము పొందియున్నారు" అన్న మాట ఆ గ్రూపుకూ వర్తిస్తుంది.

అసలు సంగతి వేరే ఉంది. చైన్ ప్రేయర్‌కు అంశాల లిస్టు ముందే వస్తుంది: మందిర నిర్మాణం, రోగులు, పరీక్షలు రాసే పిల్లలు, దేశ నాయకులు. గంట వాటికే చాలదు. మరి తమ్ముడితో గట్టు తగాదాలో ఆడిన అబద్ధం, ఆఫీసులో పెట్టిన దొంగ బిల్లు, వీటి మాటేమిటి? కూడికలో వీటిని విప్పి చెప్పలేం, చెప్పకూడదు కూడా, అవతలివాళ్ల పరువు కూడా అందులో ఉంది. "మా పాపములు క్షమించుము" అని అందరితో కలిపి దాటేస్తాం. ఒంటరిగా ఉన్నప్పుడు అలా దాటేసే వీలుండదు. ఏకాంత ప్రార్థన విలువ నాకు తెలిసి ప్రధానంగా ఇదే.

గడియకొకరు:
బ్రదర్, చైన్ ప్రేయర్‌ను అంత తేలిగ్గా తీసేయకండి. 1727లో జర్మనీలోని హెర్న్‌హూట్‌లో మొరేవియన్లు అనే క్రైస్తవ సంఘంవాళ్లు 24 మంది పురుషులు, 24 మంది స్త్రీలు గంటలు పంచుకుని మొదలుపెట్టారు, అది నూరేళ్లకు పైగా సాగింది. వాళ్లు కూడా ఎవరికి వారే చేశారు. 1732లో కరీబియన్‌లోని సెయింట్ థామస్ దీవికి మొదటి మిషనరీలు వెళ్లింది ఆ సంఘం నుంచే.

ఇంకోటి. ఎవరి ఇష్టానికి వాళ్లను వదిలేస్తే ఏకాంత ప్రార్థన రెండు రకాలుగా చెడుతుంది: చేయకుండా పోవడం, లేదా సొంత కోరికల చిట్టాగా మారడం. 1 తిమోతి 2:1-2 రాజుల కోసం, అధికారుల కోసం చేయమంటుంది. పేరు రాసుకోకపోతే ఎంతమంది చేస్తారో చెప్పండి. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో ప్రభువే ముగ్గురు శిష్యులను వెంటబెట్టుకుని, ఒక గడియయైనను నాతో మేల్కొని ఉండలేరా అని అడిగాడు కదా.

గుంటూరు_లూథరన్:
ఇద్దరూ ఎవరితో చేయాలన్న దగ్గరే ఆగిపోయారు. ఆ గంటలో ఏం చేయాలో చెప్పకపోతే ఎవరికైనా పది నిమిషాల్లో మాటలు అయిపోతాయి, మిగతా యాభై నిమిషాలు "స్తోత్రం స్తోత్రం" అంటూ గడియారం చూడటమే.

సంఘ సంస్కర్త మార్టిన్ లూథరు 1535లో తన మంగలి పీటర్ అడిగితే ప్రార్థన పద్ధతి రాసిచ్చాడు. పది ఆజ్ఞల్లో ఒకటి తీసుకో, దాన్ని నాలుగు పేటలుగా అల్లు అన్నాడు: ఇది నాకేం నేర్పుతోంది, దేనికి కృతజ్ఞత, ఏది ఒప్పుకోవాలి, ఏమి అడగాలి. అబద్ధ సాక్ష్యం ఆజ్ఞ (మా లెక్కలో 8, సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) వాళ్లకు 9) తీసుకుంటే పైన చెప్పిన గట్టు తగాదా మూడో పేటలో దానంతటదే బయటికి వస్తుంది. పేటకు ఐదు నిమిషాలు వేసుకున్నా మొత్తం ఇరవై. మధ్యలో ఒక ఆలోచన బలంగా పట్టుకుంటే మిగతావి వదిలేసి అక్కడే ఆగమన్నాడు, ఎందుకంటే అప్పుడు పరిశుద్ధాత్మే బోధిస్తున్నాడట. ప్రార్థనలో మనసు చెదరకూడదని చెప్పడానికి, కబుర్లాడుతూ కత్తి పట్టిన మంగలి ముక్కు కోస్తాడని పీటర్‌కు అర్థమయ్యే మాటే చెప్పాడు.

పది ఆజ్ఞలూ ఒకే పూట పెట్టుకోకండి, మూడోదానికే మనసు విసిగిపోతుంది. బైబిలు ఫోన్లో కాకుండా పుస్తకంలో చదవండి. పక్కన ఒక కాగితం ఉంచుకుని, గ్యాస్ బుక్ చేయాలి లాంటివి గుర్తొస్తే ఒక ముక్క రాసేసి మళ్లీ మొదలుపెట్టండి, వాటితో కుస్తీ పట్టొద్దు. మొదటి రోజే తెల్లవారుజామున 4కు లేచి గంట అని మొక్కుకున్నవాళ్లు వారం తిరక్కుండానే మానేస్తారు.

జపమాల_నేస్తం:
కథోలికుల వైపు నుంచి ఒక్క ముక్క. మాటలు కరువైనప్పుడు నేర్చుకున్న జపమే ఆసరా. జపమాలలో ఐదు దశకాలు (పదేసి జపాల వరుసలు), అంటే మరియమ్మకు చేసే మంగళవార్త జపాలు 50, 20 నిమిషాలు. వల్లెవేయడం అంటారేమో, ప్రభువు గెత్సేమనేలో మూడోసారి ఆ మాటలే చెప్పాడు, మత్తయి 26:44. తొందరగా ముగించడమే పనిగా పెట్టుకుంటే మాత్రం అది లెక్కపెట్టడమే అవుతుంది, ఒప్పుకుంటాను.

మార్త_మరియ:
అన్నయ్యలూ, స్లాట్లు వేసేది ఎక్కువగా మగవాళ్లు. తెల్లవారుజామున 5, 6 గంటలు చెల్లెళ్లకు వేస్తే కుక్కర్ విజిళ్లు లెక్కపెట్టుకుంటూ ప్రార్థించాలి. పిల్లల క్యారేజీలు వెళ్లాక 11 గంటలకు ఇవ్వండి. ఒకే గది ఇళ్లలో తలుపు వేసుకోవడం ఎలాగో కూడా ఎవరూ చెప్పలేదు.

తలుపు_వేసి:
అక్కా, నిజమే. పేతురు మధ్యాహ్నం మిద్దె ఎక్కాడు, అపొ. కార్యములు 10:9. ప్రభువు చీకటితోనే లేచి బయటికి వెళ్లాడు. సమూయేలు తల్లి హన్నా మందిరంలో యాజకుడు ఏలీ చూస్తుండగానే పెదవులు మాత్రం కదిపింది. గది లేకపోతే డాబా, అదీ లేకపోతే పెదవులు. బిగ్గరగా చేస్తేనే ప్రార్థన అనుకునేవాళ్లకు మాత్రం చిన్న ఇల్లు కష్టమే.

గడియకొకరు:
అయితే ఇలా చేద్దాం. గంటలో 45 నిమిషాలు సంఘం అంశాలకు, చివరి 15 ఎవరి సొంతానికి వాళ్లకు. గ్రూపులో బొమ్మలు ఆపేద్దాం. స్లాట్ చేయలేకపోయినవాళ్లు మాత్రం తర్వాతివాళ్లకు ఫోన్ చేస్తే చాలు.

తలుపు_వేసి:
బొమ్మలు ఆపడం మంచిది. ఆ 15 నిమిషాలు మాత్రం స్లాట్‌లో కలపొద్దు. టైమ్ టేబుల్‌లో ఎక్కించగానే అదీ సంఘం పనే అవుతుంది, స్లాట్ లేని రోజు మానేస్తారు.