1792లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్ర గవర్నర్ ఎన్నిక: 108 ఓట్ల గెలుపు చెల్లుతుందా? (“పాత రికార్డు”, “చట్టం ముఖ్యం”, “కూడలి” అనే పేర్లతో ముగ్గురి వాదన)

పాత రికార్డు: అప్పటి గవర్నర్ జార్జ్ క్లింటన్‌కు 8,440 ఓట్లు, ఆయనపై పోటీ చేసిన జాన్ జేకు 8,332. కానీ ఆట్సీగో, టయోగా, క్లింటన్ అనే మూడు కౌంటీల (మన జిల్లాల్లాంటివి) ఓట్లు లెక్కలోకే రాలేదు. ఆట్సీగో జేకు గట్టి పట్టున్న చోటు. అది కలిపితే ఫలితం తారుమారయ్యేదని అప్పుడే చాలామంది అనుకున్నారు. ఇక క్లింటన్ గెలిచాడని ఎలా అంటాం?

చట్టం ముఖ్యం: అప్పటి చట్టం ప్రకారం ఓట్లను వేసిన చోటే లెక్కపెట్టేవారు కాదండీ. ఊళ్లలో ఎన్నిక జరిపే ఇన్‌స్పెక్టర్లు ఓట్లను కౌంటీ అధికారి అయిన షెరీఫ్‌కు అప్పగించాలి. షెరీఫ్ వాటన్నిటినీ ఒకే పెట్టెలో పెట్టి, తనే గానీ డిప్యూటీ చేత గానీ రాష్ట్ర కార్యదర్శి ఆఫీసుకు చేర్చాలి. రాష్ట్ర శాసనసభ ఉభయ సభల నుంచి ఎంపికైన కాన్వాసర్లు, అంటే ఓట్లు లెక్కించే సంఘం సభ్యులు, అక్కడ తెరిచేవారు. ఆట్సీగో పెట్టె పంపిన రిచర్డ్ స్మిత్‌కు షెరీఫ్‌గా గడువు తీరిపోయింది. టయోగా డిప్యూటీ దారిలో జబ్బుపడి పెట్టెను గుమస్తా చేతికిచ్చాడు. క్లింటన్ కౌంటీ పెట్టె తెచ్చినవాడికి రాతపూర్వక నియామకమే లేదు. పెట్టె ఎవరెవరి చేతులు మారిందో తేలకపోతే లోపలి ఓట్లను ఏ ధైర్యంతో నమ్మాలి?

పాత రికార్డు: మూడింటినీ ఒకే గాటన కట్టకండి. ఆట్సీగోలో కొత్త షెరీఫ్ బెంజమిన్ గిల్బర్ట్ పేరు ఖరారైంది గానీ ఆయన ఇంకా బాధ్యత తీసుకోలేదు. మరి ఇన్‌స్పెక్టర్లు ఓట్లు ఎవరికివ్వాలి? కాన్వాసర్లు సలహా అడిగితే న్యూయార్క్ సెనేటర్ రూఫస్ కింగ్ చెప్పిందీ ఇదే: పదవిలో ఉన్నట్టుగా పని నడిపిస్తున్నవాడు చేసింది చెల్లుతుంది.

చట్టం ముఖ్యం: రెండో సెనేటర్ ఆరన్ బర్ ఒప్పుకోలేదు కదా. స్మిత్ అప్పటికే టౌన్ సూపర్‌వైజర్ పదవిలో చేరాడు కూడా. అయితే ఒకటి ఒప్పుకుంటాను: క్లింటన్ కౌంటీ ఓట్లు లెక్కించవచ్చని బర్ కూడా అన్నాడు. కాన్వాసర్లు దాన్నీ తోసేశారు. అది సమర్థించలేను.

కూడలి: అసలు లోపం అక్కడే ఉందండీ. కాన్వాసర్లలో ఏడుగురు ఆ ఓట్లు వద్దన్నారు, నలుగురు కావాలన్నారు. ఆ ఏడుగురూ క్లింటన్ పక్షంవాళ్లే, పైగా వాళ్ల తీర్పే ఆఖరు. అప్పీలుకు దారి లేదు. ఆట్సీగోలో జే పక్షానికి చెందిన జడ్జి విలియం కూపర్ ఓటర్లను బెదిరించాడన్న ఆరోపణ నిజంగా విచారించదగ్గది. కానీ పెట్టెను తోసేయడానికి చూపిన కారణం అది కాదు, షెరీఫ్ గడువు.

పాత రికార్డు: అవును. ఓటర్ల మీద ఒత్తిడి పడిందంటే సాక్షులను పిలిచి తేల్చవచ్చు. షెరీఫ్ నియామకం గడువు తీరిందంటే ఆ ఓటరు ఏం చేయగలడు?