అప్‌డేట్: టెక్సస్‌లో స్వతంత్ర అభ్యర్థిగా పోటీ

రిపబ్లికన్, డెమొక్రాటిక్ పార్టీలు రెండింటికీ దూరంగా ఉండి, డాలస్ శివారు నుంచి టెక్సస్ ప్రతినిధుల సభకు (రాష్ట్ర శాసనసభలోని దిగువ సభ) స్వతంత్రంగా పోటీ చేయవచ్చా అని లోగడ అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. మీలో ఎక్కువమంది ఓట్ల చీలిక గురించి హెచ్చరించారు గానీ, అసలు చిక్కు బ్యాలెట్‌పై పేరు ఎక్కించుకోవడంలోనే ఉంది.

పోటీ చేసే ఉద్దేశాన్ని ఎన్నికకు ముందటి ఏడాది డిసెంబరులోనే లిఖితపూర్వకంగా ప్రకటించాలి. ఆపై నియోజకవర్గ ఓటర్ల నుంచి సాధారణంగా 500 సంతకాలు సేకరించాలి. అయితే ఎన్నిక జరిగే ఏడాది ఏ పార్టీ ప్రైమరీలో (పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో) ఓటు వేసినవారి సంతకమైనా చెల్లదు, పైగా మార్చి ప్రైమరీ ముగిసేదాకా సేకరణ మొదలుపెట్టడానికే వీల్లేదు. అదే పదవికి మే నెలలో రనాఫ్ (ప్రైమరీలో ఎవరికీ మెజారిటీ రాకపోతే జరిగే రెండో విడత) జరిగితే అదీ ముగిసేదాకా ఆగాలి, అప్పుడు మిగిలేది నెల రోజులే. ఆంధ్రప్రదేశ్ శాసనసభకైతే స్వతంత్ర అభ్యర్థిని పదిమంది ఓటర్లు ప్రతిపాదిస్తే చాలునని మా నాన్నగారు గుర్తుచేసి నవ్వారు.

మెయిన్ రాష్ట్రం నుంచి స్వతంత్రంగా గెలిచిన అమెరికా సెనేటర్ ఆంగస్ కింగ్‌ను కొందరు ఉదాహరించారు. కానీ ఆయన సెనేట్‌కు పోటీ చేసేనాటికే అక్కడ రెండుసార్లు గవర్నరుగా పనిచేశారు. మా డాలస్ కోటీశ్వరుడు రాస్ పెరో 1992 అధ్యక్ష ఎన్నికలో స్వతంత్రంగా నిలబడితే దాదాపు 19 శాతం ఓట్లు వచ్చినా, గెలుపును తేల్చే ఎలక్టోరల్ ఓట్లలో (రాష్ట్రాలవారీగా దక్కేవి) ఒక్కటీ దక్కలేదు.

మా నగర మండలి బ్యాలెట్‌పై పార్టీ పేర్లుండవు కాబట్టి ముందు అక్కడ నిలబడుతున్నాను. శాసనసభ ఆలోచన మానుకోలేదు. కోశాధికారి నియామక పత్రం దాఖలు చేయనిదే విరాళాలు స్వీకరించరాదు కనుక, ఆ పని ఇప్పటికే పూర్తిచేశాను.