ఏడుగురు ఆడవాళ్లు, ముగ్గురు మగవాళ్లు, ఒక కీబోర్డు: మాకు సరిపోయే కొత్త నాటకం ఎలా వెతకాలి?

తెరవెనక:

మాది చిన్న నాటక బృందం. నటులు పది మంది, అందులో మగవాళ్లు ముగ్గురే. ఆ ముగ్గురిలో ఒకాయన పాట ఎత్తుకుంటే మేమే బతిమాలి ఆపిస్తాం. కీబోర్డు వాయించే అమ్మాయి మాత్రం బంగారం, ఒక్కసారి వింటే చాలు పట్టేస్తుంది. నేను ఇన్నేళ్లూ ప్రాంప్టింగే చేశాను, అంటే తెర పక్కన నిలబడి మరిచిపోయినవాళ్లకు మాట అందించడం. ఈసారి దర్శకత్వం నా నెత్తిన పడింది.

ఇప్పటిదాకా వేసినవన్నీ పాత నాటకాలే. వాటిలో ఆడ పాత్రలు రెండో మూడో ఉంటాయి, కాబట్టి మా ఆడవాళ్లు మీసాలు అంటించుకుని తండ్రులు, వకీళ్లు అయిపోతుంటారు. పోయినసారి రెండో అంకంలో తండ్రి ఉత్తరం చదువుతుంటే మీసం ఊడి ఆ ఉత్తరం మీదే పడింది. ఎలాంటి విషాద ఘట్టమో చెప్పను గానీ, హాలంతా ఒకటే నవ్వు.

అందుకని ఈమధ్య వచ్చిన నాటకం గానీ, పాటలతో నడిచే చిన్న మ్యూజికల్ గానీ వేద్దామని నిర్ణయించాం. ఇంగ్లిష్‌లో వేయగలం, తెలుగు చేసుకోనిస్తే మరీ మంచిది. నాటకం వేసుకోవడానికి లైసెన్స్ ఇచ్చే కంపెనీల సైట్లు తెరిస్తే కళ్లు తిరిగాయి. ఎక్కడ మొదలుపెట్టాలి? ఇంకో మాట, ఒక మ్యూజికల్ మీద మనసుపడి పోస్టరు కూడా గీయించేశాం. తొందరపడ్డామా?

మూడో గంట:

పడ్డారు. ముందు ఆ పోస్టరు బీరువాలో పెట్టేయండి.

ఈ మాట నా అనుభవంతోనే అంటున్నాను. ఒక కొత్త హాస్య నాటకం కంపెనీ జాబితాలో కనిపించగానే మేం తేదీ ప్రకటించాం, హాలు మాట్లాడుకున్నాం, సగం సీట్లకు టికెట్లు కూడా అమ్ముడుపోయాయి. ఆ తర్వాత తీరిగ్గా లైసెన్స్ కోసం రాస్తే, ఆ ప్రాంతంలో దాన్నే వృత్తి బృందం ఒకటి వేయబోతోంది, అప్పటిదాకా మనలాంటి అమెచ్యూర్లకు, అంటే సరదాకి వేసేవాళ్లకు ఇవ్వం అన్నారు. టికెట్ల డబ్బు నేనే ఒక్కొక్కరికీ తిరిగి ఇచ్చాను. కాబట్టి జాబితాలో పేరుందంటే మనకు దొరుకుతుందని కాదు. ఏ ఊళ్లో, ఏ తేదీల్లో, ఎన్ని ప్రదర్శనలు, ఎన్ని సీట్లు, అమెచ్యూరా ప్రొఫెషనలా అన్నీ రాసి, ఇస్తామని వాళ్లు రాతపూర్వకంగా చెప్పాకే నోరు విప్పాలి.

ఎవరిని అడగాలంటే, మ్యూజికల్స్‌కి మ్యూజిక్ థియేటర్ ఇంటర్నేషనల్ ఉంది, 1952 నుంచీ అదే పని. కాంకర్డ్ థియేట్రికల్స్ దగ్గర నాటకాలూ ఉన్నాయి, మ్యూజికల్సూ ఉన్నాయి. పాతవాళ్లు శామ్యూల్ ఫ్రెంచ్ అంటుంటారే, ఆ కంపెనీ జాబితా కూడా ఇప్పుడు వీళ్లదే. మాటల నాటకాలకైతే 1936లో మొదలైన డ్రమాటిస్ట్స్ ప్లే సర్వీస్, బ్రిటన్ వైపు నుంచి నిక్ హెర్న్ బుక్స్ చూడండి. కథ చదివి ఎంచుకోవద్దు. ముందు పాత్రల సంఖ్య పెట్టి వడకట్టండి: ఆడ ఎందరు, మగ ఎందరు, ఎవరైనా వేయగల పాత్రలెన్ని. కొత్త స్క్రిప్టుల్లో ఈ మూడో రకం బాగానే కనిపిస్తోంది. మీ మీసాల డబ్బాకు సెలవు దొరకొచ్చు.

మిగిలిన నాలుగైదింటికి పెరూజల్ కాపీలు తెప్పించుకోండి, అంటే వేసే ముందు చదివి చూసుకోవడానికి ఇచ్చేవి. చదవడం మాత్రం మీరొక్కరే ఇంట్లో కూర్చుని కాదు. పది మందీ గుండ్రంగా కూర్చుని గట్టిగా చదవండి. కాగితం మీద నన్ను పగలబడి నవ్వించిన నాటకం ఒకటి మావాళ్ల నోట్లో ఉప్పులేని పప్పులా చప్పబడిపోయింది. ఇంకోటి నాకు పెద్దగా నచ్చలేదు, చదువుతుంటే మావాళ్లు రెండో సీను దగ్గర ఆగనే లేదు. అదే వేశాం.

నల్లమెట్లు:

నేను వాద్యాల వైపు మనిషిని, ఆ మాటే చెబుతాను.

నాటకానికి మామూలుగా ప్రదర్శనకింత అని రాయల్టీ, అంటే హక్కుల రుసుము ఉంటుంది. మ్యూజికల్ లెక్క వేరు. సీట్లు, టికెట్ ధర, ప్రదర్శనల సంఖ్య చూసి కొటేషన్ ఇస్తారు. దాని మీద స్క్రిప్టుల, స్వరలిపి పుస్తకాల అద్దె, చాలాసార్లు డిపాజిట్ కూడా. ఆ పుస్తకాలు సాధారణంగా ప్రదర్శనకు రెండు నెలల ముందు వస్తాయి, అంతకు ముందే కావాలంటే అదనం. తిరిగి పంపాల్సిన వాటిలో ఏది రాసుకున్నా పెన్సిల్‌తోనే, చివర్లో అంతా చెరిపి పంపాలి. ఒకసారి మా బృందంలో ఎవరో పెన్నుతో గీతలు పెట్టారు. ఆ పుస్తకం డబ్బు కట్టించుకున్నారు. అప్పటినుంచీ రిహార్సల్‌కి వచ్చేవాళ్ల జేబులోంచి పెన్నులు తీయించేస్తాను, తిట్టుకుంటారు, తిట్టుకోనీ.

మీకు కీబోర్డు ఒక్కటే కాబట్టి వాద్యాల పట్టిక ముందు చూడండి. కొత్తగా వచ్చే చిన్న మ్యూజికల్స్‌లో పియానో ఒక్కదానితో నడిచేవి ఉంటాయి. కొన్నిటికి రికార్డు చేసిన ట్రాకులు కూడా అద్దెకిస్తారు. నాకు ట్రాకులంటే పడదు. నటి ఒక మాట మరిచిపోయి తడబడితే మీ అమ్మాయి రెండు చరణాలు తిప్పి వాయించి కాపాడుతుంది, ట్రాకు ఎవరి కోసమూ ఆగదు.

పాడేవాళ్ల శ్రుతి కూడా చూసుకోండి. 'ఎవరైనా వేయవచ్చు' అని రాసి ఉన్నా పాట మగ గొంతు ఎత్తులో రాసి ఉండొచ్చు. శ్రుతి మార్చుకుంటామంటే దానికీ అడగాలి.

ఖాళీ పేజీ:

నాటకాలు రాసేవాణ్ణి, అటువైపు నుంచి రెండు ముక్కలు.

కంపెనీల దాకా చేరని కొత్త నాటకాలు చాలా ఉన్నాయి. న్యూ ప్లే ఎక్స్ఛేంజ్ అని 2015లో మొదలైన ఆన్‌లైన్ జాబితా ఉంది. మాలాంటివాళ్లం స్క్రిప్టులు అందులో పెడతాం, చందా కట్టినవాళ్లు చదువుకుంటారు. నచ్చితే నేరుగా రచయితకే రాయొచ్చు. కొత్త మ్యూజికల్స్ ఎటు పోతున్నాయో తెలియాలంటే న్యూయార్క్‌లో 1989 నుంచి నేషనల్ అలయన్స్ ఫర్ మ్యూజికల్ థియేటర్ ఏటా జరిపే ఉత్సవంలో దేన్ని ఎంచుకున్నారో చూడండి. అందులో వచ్చినవి లైసెన్స్‌కి రావడానికి టైమ్ పట్టొచ్చు.

బతికున్న రచయితతో ఒక సుఖం ఉంది, అడిగితే జవాబిస్తాడు. ఒక బృందం నా నాటకంలో తండ్రిని తల్లిగా మార్చుకోవచ్చా అని రాసింది. ముందు చిరాకేసింది. కూర్చుని ఆ సీను మళ్లీ చదివితే తల్లే సరైన మనిషి అనిపించింది, నేనే తిరగరాసి పంపాను. ఇంకో బృందం చెప్పకుండా చివరి సీను కోసేసింది. వాళ్లకు మళ్లీ ఇవ్వలేదు.

తెలుగు చేసే విషయం: ఇంగ్లిష్‌లో వేయడానికి ఇచ్చిన లైసెన్స్‌తో అనువదించే హక్కు రాదు. దానికి వేరే అనుమతి కావాలి. అనువాదం ఎవరి సొత్తు, ఇంకో బృందం వేస్తే ఏమిటి అన్నవి కూడా ముందే రాయించుకోండి. వీడియో తీసి ఆన్‌లైన్‌లో పెట్టడం కూడా అంతే, విడిగా అడగాలి.

తెరవెనక:

అందరికీ థాంక్సండీ. పోస్టరు మీద ఉన్న మ్యూజికల్‌కి పద్నాలుగు మంది పాడేవాళ్లు, తొమ్మిది వాద్యాలు కావాలట. ఇవాళే చూశాను. పోస్టరు వెనకవైపు తెల్లగానే ఉంది, రిహార్సల్ తేదీలు రాసుకుంటాం. ఆరు మంది ఆడవాళ్లున్న నాటకం ఒకటి, పియానో మ్యూజికల్ ఒకటి పెరూజల్‌కి అడిగాను. నల్లమెట్లు గారూ, మా పాడలేని ఆయన్ను మ్యూజికల్‌లో ఏం చేయమంటారు?

నల్లమెట్లు:

పాట లేని పాత్ర ఉందేమో చూడండి, ఒక్కటైనా ఉంటుంది తరచూ. లేదంటే ప్రాంప్టింగ్ ఇప్పుడు ఖాళీయే కదా.